పిల్లవాడి ఇజ్జత్‌ను దోచుకున్నదెవరు?

దొంగతనం చేసిన పిల్లవాడు పట్టుబడిన చోట చాలా తరచుగా రెండు దొంగతనాలు జరుగుతాయి. మొదటిది ఆ పిల్లవాడు చేసింది. కిరాణా కొట్టులో ఒక బిస్కెట్ పొట్లం, తోటి విద్యార్థి పెట్టెలోని యాభై రూపాయల నోటు, మసీదు గుమ్మం దగ్గర ఎవరో విడిచిన చెప్పుల జత. రెండవది అతడిని పట్టుకున్నవారు చేసేది. నలుగురిని పోగుచేసి, చెంపలు వాయించి, చొక్కా విప్పించి నిలబెట్టి, ఫోనులో వీడియో తీసి ఊరంతటికీ పంపించి, వారు అతడి ఇజ్జత్‌ను లాక్కుంటారు. మొదటి దొంగతనంలో పోయిన సొమ్ము అక్కడికక్కడే దొరుకుతుంది, లేకుంటే తండ్రి రెండు రోజుల కూలితో తీరిపోతుంది. రెండవ దొంగతనంలో పోయినదాన్ని తిరిగి ఇవ్వగల శక్తి ఎవరికీ లేదు. అయినా మన సమాజం మొదటిదాన్ని మాత్రమే నేరమంటుంది. రెండవదానికి ‘బుద్ధి చెప్పడం’ అని పేరు పెట్టుకుంటుంది.

ఈ రెండవ దొంగతనానికి ముస్లిం సమాజం బాధితురాలు. అంతేకాదు, అందులో భాగస్వామి కూడా. మన మీద పడుతున్న ముద్రల గురించి సభల్లో మాట్లాడతాం, వినతిపత్రాలు ఇస్తాం, కోర్టులకు వెళతాం. అదే ముద్రను మన మొహల్లాలో, మన మదరసాలో, మన ఇంటి వాకిట్లో మన చేతులతోనే మన పిల్లల నుదుట వేస్తున్నాం. బయటివారిని ప్రశ్నించే హక్కు మనకు పూర్తిగా ఉంది. ఆ హక్కుకు బలం చేకూరాలంటే ఇంట్లో జరుగుతున్నదాన్ని కూడా అంతే నిష్కర్షగా ప్రశ్నించాలి.

గురూర్ వేరు, గైరత్ వేరు

పట్టుబడిన పిల్లవాడు సాధారణంగా మొదట చేసే పని బొంకడం. వస్తువు చేతిలో ఉండగానే ‘నేను తీయలేదు’ అంటాడు. కళ్ళలోకి చూసి అంటాడు, తల ఎత్తి అంటాడు. పెద్దలు సహించలేనిది ఇదే. దొంగతనం చేసిందే కాక పైగా పొగరు చూడండి అని మండిపడతారు. తల వంచనందుకు ఒక దెబ్బ, ఏడవనందుకు మరొక దెబ్బ, తప్పు ఒప్పుకోనందుకు ఇంకొక దెబ్బ. ఆ పిల్లవాడు తిన్న దెబ్బలను లెక్క వేస్తే దొంగతనానికి పడినవి కొన్నే. మిగిలినవన్నీ తలెత్తినందుకు పడినవి.

ఆ తలెత్తడాన్ని మనం తప్పుగా చదువుతున్నాం. గురూర్ వేరు, గైరత్ వేరు. ఇతరుల కంటే నేనే గొప్ప అనుకోవడం గురూర్. నలుగురిలో నాకూ ఒక విలువ ఉంది, దాన్ని పోనివ్వను అనుకోవడం గైరత్. ‘నేను తీయలేదు’ అంటున్న పిల్లవాడు తనకు తెలియకుండానే రెండు నిజాలు చెబుతున్నాడు. దొంగతనం చెడ్డపని అని అతడికి తెలుసు. ఆ చెడ్డపని చేసినవాడిగా మన కళ్ళ ముందు నిలబడడం అతడికి భరించరానిది. అంటే అతడిలో హయా ఇంకా బతికే ఉంది. హయాను ఈమాన్‌లో ఒక శాఖగా ప్రవక్త (స) బోధించారు. సిగ్గు చచ్చినవాడికి బొంకుతో అవసరమే లేదు. కనుక పిల్లవాడి బొంకును మరో నేరంగా లెక్కించడం అవివేకం. అతడిని దారికి తెచ్చుకోవడానికి మన చేతికి దొరికే మొదటి కొస అదే. ఆ కొసను పట్టుకోవలసిన సమయంలో మనం దాన్ని తెంచివేస్తున్నాం.

తెంచితే ఏమవుతుంది? ఆస్ట్రేలియా నేరశాస్త్రవేత్త జాన్ బ్రెయిత్‌వెయిట్ 1989లో వెలువరించిన గ్రంథంలో సిగ్గుపరచడంలోని రెండు రకాలను విడదీసి చూపాడు. చేసిన పనిని గట్టిగా ఖండించి, చేసినవాడిని మళ్ళీ తమలో కలుపుకోవడం ఒకటి. మనిషినే చెడ్డవాడిగా తేల్చి వెలివేయడం రెండవది. మొదటిది నేరాన్ని తగ్గిస్తుందనీ, రెండవది పెంచుతుందనీ ఆయన వాదించాడు. కారణం అర్థం కానిదేమీ కాదు. ఏ మనిషీ గౌరవం లేకుండా బతకలేడు. ఇంట్లో, బడిలో, మసీదులో దొరకని గౌరవాన్ని పిల్లవాడు అది దొరికే చోటనే వెతుక్కుంటాడు. రాత్రిపూట వంతెన కింద వైట్‌నర్ పీల్చే కుర్రాళ్ళ గుంపు అతడిని దొంగ అని ఎగతాళి చేయదు, రమ్మని చోటిస్తుంది. మనం మూసిన తలుపులే ఆ గుంపుకు దారి చూపిస్తున్నాయి.

ఎవరి పిల్లవాడు, ఎవరి దొంగతనం

బాల్యంలో ఇతరుల వస్తువు మీద చెయ్యి వేయడం ఏ ఒక్క మతానికీ, ఏ ఒక్క వర్గానికీ పరిమితం కాదు. పదిహేనేళ్ళ వయసులో అన్న చేతి కడియం నుంచి బంగారపు తునక దొంగిలించిన సంగతిని గాంధీజీ తన ఆత్మకథలో రాసుకున్నారు. నోటితో చెప్పే ధైర్యం లేక, తప్పంతా కాగితం మీద రాసి, శిక్షించమని కోరుతూ మంచం పట్టిన తండ్రి చేతికి ఇచ్చారు. తండ్రి చదివారు, కన్నీరు కార్చారు, ఆ కాగితాన్ని చింపివేశారు. కొట్టలేదు, నలుగురిని పిలవలేదు. దేశం ఈ కథను నీతిపాఠంగా చెప్పుకుంటుంది. చెప్పుకోవలసిందే. అయితే ఒక ప్రశ్న కూడా వేసుకోవాలి. కరంచంద్ గాంధీ దివాను. దివాను కొడుకు తీసిన బంగారం ఇంటి నాలుగు గోడల మధ్య కన్నీటితో సమసిపోయింది. రిక్షా తొక్కేవాడి కొడుకు ఇరవై రూపాయలు తీస్తే అది ఇంటి సంగతిగా ఎందుకు మిగలదు? అది వీధి పంచాయితీ ఎందుకవుతుంది? ఉన్నవారి పిల్లలు తీస్తే అల్లరి, లేనివారి పిల్లలు తీస్తే దొంగతనం అన్న ఈ రెండు కొలతల నీతిని ఏ ధర్మం సమర్థిస్తుంది?

పాతబస్తీని తలచుకుందాం. 2015 జనవరిలో హైదరాబాదు పోలీసులు జరిపిన సోదాల్లో గాజుల కార్ఖానాల నుంచి రెండు వందల మందికి పైగా పిల్లలు బయటపడ్డారు. వారిలో అత్యధికులు బీహారు నుంచి తీసుకురాబడినవారు. ఇరుకు గదుల్లో, పొగల మధ్య, తెల్లవారి నుంచి రాత్రి దాకా వారి చేత పనిచేయించారు. వారి కూలి పోయింది, చదువు పోయింది, ఆటపాటల వయసు పోయింది. ఆ పిల్లల నుంచి ఇంత తీసుకున్నవారిని మన మొహల్లాల్లో ఎవరైనా దొంగ అన్నారా? వారిని సేఠ్ అనే పిలిచారు. దావత్‌లలో ముందు వరుసలో కూర్చోబెట్టారు. యాభై రూపాయల నోటు తీసిన పిల్లవాడికి మాత్రం ఆ మాటను జీవితాంతం తగిలించాం. పిల్లల నుంచి తీసుకునేవారికి లేని పేరు, పెద్దల నుంచి తీసుకున్న పిల్లవాడికి ఎలా వచ్చిందో ప్రతి కుటుంబమూ ఆలోచించాలి.

ముద్ర చేసే పని

ఒక మాట ఒక జాతిని ఎలా నాశనం చేస్తుందో తెలుగు నేలకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. ఆ చట్టం కింద నమోదైన జాతిలో పుట్టిన బిడ్డ ఇంకా ఏ వస్తువునూ ముట్టకముందే అనుమానితుడు. 1913లో ఎరుకల కుటుంబాల కోసం సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఒక సెటిల్‌మెంటు ఏర్పడింది. నేటి బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురం అదే. 1952లో ఆ చట్టం రద్దయింది. ఊరి పేరుకు అంటిన ‘దొంగ’ అన్న మాట మాత్రం రద్దు కాలేదు. సినిమాలు దాన్ని సొమ్ము చేసుకున్నాయి, పోలీసు స్టేషన్లు దాన్ని సులువైన ఆధారంగా వాడుకున్నాయి. 1970లలో హేమలత, లవణం దంపతులు ఆ ఊరిలోకి వెళ్ళి, అక్కడివారిని మనుషులుగా పలకరించి, సంస్కరణ కార్యక్రమాన్ని చేపట్టవలసి వచ్చింది. చట్టం వేసిన ముద్రను చెరపడం చట్టాన్ని రద్దు చేసినంత సులభం కాదని స్టువర్టుపురం చెబుతోంది.

నిన్న ఎరుకల బిడ్డ మీద చట్టం చేసిన పనిని, నేడు ముస్లిం బిడ్డ మీద అనుమానం చేస్తోంది. ఈ అనుమానం ఎంత దూరం వెళుతుందో చూశాం. 2019 జూన్‌లో జార్ఖండ్‌లో దొంగతనం ఆరోపణతో తబ్రేజ్ అన్సారీని స్తంభానికి కట్టి రాత్రంతా కొట్టారు, బలవంతాన నినాదాలు పలికించారు, వీడియో తీశారు. కొద్ది రోజులకే అతడు మరణించాడు. అంతకు ఏడాది ముందు, 2018 ఫిబ్రవరిలో, కేరళలోని అట్టప్పాడిలో బియ్యం దొంగిలించాడని మధు అనే ఆదివాసీ యువకుడిని చేతులు కట్టివేసి కొట్టి చంపారు. కట్టివేసిన అతడి పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నారు. ఒకరు ముస్లిం, ఒకరు ఆదివాసీ. ఇద్దరూ పేదవారు. ఇద్దరి విషయంలోనూ ‘దొంగ’ అన్న ఒక్క మాట గుంపుకు అనుమతిపత్రంగా పనిచేసింది.

మన దగ్గర జరిగిన నంద్యాల విషాదాన్ని ఎవరూ మరచిపోలేదు. 2020 నవంబరులో ఒక ఆటో డ్రైవరు, తాను ఏ దొంగతనమూ చేయలేదనీ, పోలీసుల వేధింపులు భరించలేకపోతున్నామనీ వీడియోలో చెప్పి, భార్యతోనూ ఇద్దరు పిల్లలతోనూ కలిసి ప్రాణాలు విడిచాడు. ఆ పిల్లలిద్దరూ బడికి వెళ్ళే వయసువారు. వారు ఎవరి సొమ్మూ ముట్టలేదు. తండ్రి మీద పడిన ఒక మాట బరువు వారి మీద కూడా పడింది. ఇజ్జత్ అనేది ఖాళీ మాట అనుకునేవారు, పరువు కంటే ప్రాణం ముఖ్యమని తేలికగా చెప్పేవారు నంద్యాలను ఒకసారి తలచుకోవాలి. పేదవాడికి ఇల్లు లేకపోవచ్చు, భూమి లేకపోవచ్చు. తనదని చెప్పుకోవడానికి అతడికి మిగిలేది ఆ ఇజ్జత్ ఒక్కటే.

కౌమ్ పరువు కోసం పిల్లవాడి వీపు

ఈ భయం మనల్ని ఏం చేసింది? ఇక్కడే మనం కటువైన నిజాన్ని ఎదుర్కోవాలి. ఇతరుల పిల్లవాడు దొంగతనం చేస్తే అది అతడి ఒక్కడి దొంగతనం. మన పిల్లవాడు చేస్తే కోట్లాది మంది దొంగతనం. ఈ అన్యాయమైన లెక్కను ఎదిరించవలసిన మనం, లోలోపల దాన్ని అంగీకరించాం. అందుకే పట్టుబడిన మన పిల్లవాడిని చూడగానే మన నోట వచ్చే మొదటి మాట ‘వీడు కౌమ్ పరువు తీశాడు’ అని. అందుకే ఇతరులు కొట్టకముందే మనమే ఎక్కువగా కొడతాం, అందరి ముందూ కొడతాం. మేము అలాంటివాళ్ళం కాము సుమా అని చూసేవారికి చెప్పుకోవడానికి పదేళ్ళ పిల్లవాడి వీపును వాడుకుంటున్నాం.

ఈ బేరంలో మనకు దక్కింది ఏమిటి? మనల్ని అనుమానించేవారు మన దెబ్బల శబ్దం విని మనసు మార్చుకున్నారా? ఒక్కరైనా మార్చుకోలేదు. వారికి మరొక వీడియో దొరికింది, అంతే. కౌమ్‌కు నడవడి సర్టిఫికెట్ తేవలసిన పని ఏ పిల్లవాడిదీ కాదు. ఏ మతం పిల్లవాడి మీదా లేని భారాన్ని మన పిల్లవాడి మీద వేసేవారిని ముందుగా మనలోనే అడ్డుకోవాలి.

ఇక చదువు సంగతి. 6 నుంచి 14 సంవత్సరాల వయసున్న ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది అసలు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని సచార్ కమిటీ 2006లో నివేదించింది. మానేయడానికి పేదరికం మొదటి కారణమన్నది నిజమే. అయితే బడిలో అవమానపడిన పిల్లవాడు మరునాడు పుస్తకాల సంచి తగిలించుకోవడానికి మొరాయిస్తే, ఆ ఇంట్లో అతడిని మళ్ళీ పంపేంత తీరిక ఎవరికి ఉంటుంది? ఎలాగూ వెళ్ళడం లేదు కదా అని మెకానిక్ షెడ్డులో పెడతారు. బడి మానివేతకు కారణం ఆర్థికమని రికార్డుల్లో రాసుకుంటారు. తరగతి గది ముందు మెడలో పలక వేలాడదీసి నిలబెట్టిన ఆ ఉదయం ఏ రికార్డులోనూ ఉండదు.

ప్రవక్త (స) ఎదుట నిలబడిన పిల్లవాడు

కొందరు పెద్దలు ధర్మం పేరు చెప్పి ఈ కాఠిన్యాన్ని సమర్థిస్తారు. ఇస్లాంలో దొంగకు శిక్ష ఎంత కఠినమైనదో తెలియదా అంటారు. తెలుసు. ఆ శిక్షకు ధర్మశాస్త్ర పండితులు పెట్టిన షరతులు కూడా తెలుసు. పరిపక్వ వయసు, దొంగిలించిన వస్తువు విలువ, దాన్ని భద్రపరచిన తీరు, ఆకలి వంటి నిర్బంధం లేకపోవడం, ఏ సందేహానికీ తావు లేకపోవడం. యుక్తవయసు రాని పిల్లవాడి కర్మలను రాసే కలం ఎత్తివేయబడిందని హదీసు స్పష్టంగా చెబుతోంది. కరువు ఏడాదిలో హజ్రత్ ఉమర్ (రజి) పెద్దవారి విషయంలోనే ఆ శిక్షను నిలిపివేశారు. కలం ఎత్తివేయబడిన చోట కర్రను ఎత్తే అధికారం మనకు ఎవరిచ్చారు?

హదీసు గ్రంథాల్లో, అబూ దావూద్, తిర్మిజీ సంకలనాల్లో ఒక ఉదంతం ఉంది. రాఫె బిన్ అమ్ర్ (రజి) చిన్నవాడుగా ఉన్నప్పుడు అన్సారుల ఖర్జూరపు చెట్లపై రాళ్ళు రువ్వి పండ్లు రాల్చేవాడు. పట్టుకుని ప్రవక్త (స) ఎదుటకు తీసుకువచ్చారు. ఎందుకు రువ్వుతున్నావని ఆయన అడిగారు. తినడానికని పిల్లవాడు చెప్పాడు. చెట్లపై రాళ్ళు వేయవద్దనీ, కింద రాలిన పండ్లు తినమనీ ఆయన చెప్పారు. తరువాత ఆ పిల్లవాడి తల నిమిరి, అతడి కడుపు నింపమని అల్లాహ్‌ను వేడుకున్నారు.

ఈ ఉదంతంలో ప్రతి అడుగునూ గమనించాలి. మొదట ప్రశ్న, అదీ నిందించే ప్రశ్న కాదు, కారణం తెలుసుకునే ప్రశ్న. పిల్లవాడు జంకు లేకుండా నిజం చెప్పాడంటే, నిజం చెప్పినా దెబ్బ పడదన్న నమ్మకం ఆ సన్నిధిలో అతడికి కలిగింది. తరువాత హద్దు: రాళ్ళు వేయకూడదు. చెట్టు యజమాని హక్కు అక్కడ కాపాడబడింది. తరువాత దారి: రాలినవి తినవచ్చు. చివరకు చెయ్యి తల మీదికి వచ్చింది, దెబ్బగా కాదు, దీవెనగా. వీటన్నింటికంటే ముఖ్యమైనది మరొకటుంది. ఈ సంగతిని మనకు చెప్పింది ఎవరు? రాఫె (రజి) స్వయంగా. తాను పట్టుబడిన ఉదంతాన్ని ఆయన పెద్దయ్యాక తన నోటితోనే లోకానికి ఉల్లేఖించారు. అది ఆయనకు దాచుకోవలసిన మచ్చగా మిగలలేదు, చెప్పుకోదగిన భాగ్యంగా మిగిలింది. మన చేతుల్లో పట్టుబడిన పిల్లలలో ఎందరు రేపు ఆ రోజు గురించి తల ఎత్తి చెప్పుకోగలరు?

మరొక ఉదంతం అబ్బాద్ బిన్ షురహ్‌బీల్ (రజి)ది. కరువుతో మదీనాకు వచ్చి, ఒక తోటలో చొరబడి, కంకులు నలిపి తిని, కొన్ని బట్టలో మూటగట్టుకున్నారు. తోట యజమాని కొట్టి, ఆ బట్ట లాక్కున్నాడు. విషయం ప్రవక్త (స) వద్దకు వచ్చినప్పుడు ఆయన మందలించినది యజమానిని. తెలియనివాడికి నేర్పలేదు, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టలేదు అన్నది ఆ మందలింపు సారాంశం. బట్ట తిరిగి ఇప్పించారు, ధాన్యం కూడా ఇప్పించారు. నేర్పకుండా, పెట్టకుండా శిక్షించే హక్కు లేదన్న సూత్రం ఇందులో ఉంది. మన జకాత్ కమిటీలు ఏ ఇంట్లో పొయ్యి వెలగడం లేదో తెలుసుకోకముందే ఆ ఇంటి పిల్లవాడి జేబులు వెతికితే, మందలింపు ఎవరికి చెందాలి? తోటివారి లోపాన్ని కప్పిపుచ్చినవారి లోపాలను అల్లాహ్ కప్పిపుచ్చుతాడన్న హదీసును ఖుత్బాలో విని, బయటికి వచ్చి ఫోనులో పిల్లవాడి వీడియోను ముందుకు పంపేవారు ఏ జవాబు సిద్ధం చేసుకున్నారు?

చట్టం ఏమంటోంది

దేశ చట్టం కూడా ఇదే మాట చెబుతోంది. 2016 జనవరి 15 నుంచి అమలులో ఉన్న బాల న్యాయ చట్టం, 2015 తన 3వ సెక్షన్‌లో 16 మౌలిక సూత్రాలను పేర్కొంది. పద్దెనిమిదేళ్ళు నిండని ప్రతి ఒక్కరినీ నిర్దోషిగా భావించడం, గౌరవంతో చూడడం, నిందాపూర్వకమైన పదాలు వాడకపోవడం, గోప్యత పాటించడం, గతాన్ని చెరిపి కొత్త జీవితానికి అవకాశమివ్వడం వాటిలో ఉన్నాయి. చట్టం అతడిని దొంగ అనదు, నేరస్థుడు అనదు, ‘చట్టంతో ఘర్షణపడిన బాలుడు’ అంటుంది. మాట ఎంత పని చేస్తుందో శాసనకర్తలు గుర్తించారు.

ప్రతి కుటుంబం, ప్రతి కార్యకర్త ఈ సంగతులను గుర్తుంచుకోవాలి. అలాంటి పిల్లవాడిని పోలీసు లాకప్‌లోగానీ జైలులోగానీ ఉంచకూడదు. 24 గంటల్లోగా బాల న్యాయ మండలి ఎదుట హాజరుపరచాలి. 2016 నాటి కేంద్ర నమూనా నియమావళి ప్రకారం చిన్నపాటి దొంగతనానికి పిల్లవాడిపై ఎఫ్ఐఆర్ నమోదు చేయకూడదు. పెద్దలతో కలిసి చేసిన నేరమైతే తప్ప, స్టేషన్ డైరీలో రాసి, అతడి సామాజిక నేపథ్య నివేదికతో మండలికి పంపాలి. సంకెళ్ళు వేయకూడదు. ఏడేళ్ళ లోపు పిల్లలు చేసింది అసలు నేరమే కాదని భారతీయ న్యాయ సంహిత చెబుతోంది. ఏడు నుంచి పన్నెండేళ్ళ మధ్య పిల్లవాడికి తాను చేసినదాని పర్యవసానం తెలిసే పరిపక్వత లేకుంటే అదీ నేరం కాదు.

బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం పిల్లవాడి పేరు, చిత్రం, బడి, చిరునామా వంటివి మాధ్యమాల్లో బయటపెట్టినవారికి ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కేసు ముగిసిన తరువాత నడవడి ధ్రువీకరణ కోసం ఆ రికార్డును పోలీసులు వెల్లడించకూడదు. తన సంరక్షణలో ఉన్న పిల్లవాడికి శారీరకంగా లేదా మానసికంగా అనవసర బాధ కలిగించినవారికి 75వ సెక్షన్ మూడేళ్ళ వరకు జైలు శిక్షను నిర్దేశిస్తోంది. విద్యాహక్కు చట్టం, 2009 శారీరక దండననూ మానసిక వేధింపునూ 17వ సెక్షన్‌లో నిషేధించింది. ప్రాథమిక విద్య, అంటే 8వ తరగతి పూర్తయ్యే వరకు ఏ పిల్లవాడినీ బడి నుంచి వెళ్ళగొట్టకూడదని 16వ సెక్షన్ అంటోంది. దొంగతనం పేరు చెప్పి టీసీ చేతిలో పెట్టే బడి చట్టాన్ని ఉల్లంఘిస్తోంది. 2012 సవరణ మదరసాలను విద్యాహక్కు చట్టం పరిధి నుంచి మినహాయించింది. దాన్ని చూసి మదరసా నిర్వాహకులు నిశ్చింతగా ఉండనక్కరలేదు. 75వ సెక్షన్‌కు అటువంటి మినహాయింపు లేదు. దానికంటే ముందు, పరలోకంలో జవాబుదారీకి ఏ సవరణా మినహాయింపు ఇవ్వదు.

వదిలేయమనడం లేదు

ఇలా అయితే పిల్లలు మరింత తెగించరా అని ఒక ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. పిల్లవాడి ఇజ్జత్‌ను కాపాడడమంటే అతడి తప్పును వదిలేయడం కాదు. తీసిన వస్తువును తీసినవాడే స్వయంగా తిరిగి ఇవ్వాలి. తిన్నదైతే దాని వెలను తన చేతి ఖర్చులోంచో, ఏదైనా చిన్న పని చేసో తీర్చాలి. పోగొట్టుకున్నవారి ఎదుట నిలబడి క్షమాపణ అడగాలి. ఇది నాలుగు దెబ్బలు తిని చేతులు దులుపుకోవడం కంటే కష్టమైన శిక్ష. అయితే ఇందులో పిల్లవాడు బాకీ తీర్చుకున్న మనిషిగా బయటికి వస్తాడు. దెబ్బలు తిన్న పిల్లవాడు లెక్క సరిపోయిందనుకుంటాడు, లేదా లోకమే తనకు బాకీ పడిందనుకుంటాడు. ఆత్మగౌరవం ఉన్నవాడే తప్పుకు బాధ్యత వహించగలడు. అది లేనివాడి నుంచి పశ్చాత్తాపాన్ని ఆశించడం, నూనె తీసివేసిన దీపం నుంచి వెలుతురు ఆశించడమే.

కనుక కొన్ని పనులు ఇప్పుడే మొదలుకావాలి. తల్లిదండ్రులు పిల్లవాడితో మాట్లాడేది గదిలో, తలుపు వేసి, అక్కాచెల్లెళ్ళ ఎదుట కూడా కాకుండా మాట్లాడాలి. ‘నువ్వు దొంగవు’ అన్న మాటకు బదులు ‘నువ్వు చేసింది దొంగతనం, అది నీకు తగని పని’ అనాలి. బాకీ తీరిన తరువాత ఆ సంగతిని పండుగనాడు, పెళ్ళిలో, కోపంలో మళ్ళీ ఎత్తకూడదు. మసీదు కమిటీలు పిల్లల విషయం వచ్చినప్పుడు నలుగురి మధ్య పంచాయితీ పెట్టడం మానుకోవాలి. నమ్మదగిన ఇద్దరు పెద్దలకు, వారిలో ఒక స్త్రీ ఉండేలా, ఆ బాధ్యత అప్పగించాలి. మదరసాలు, బడులు పిల్లల సోదాలు, ముఖం మీద మసి, మెడలో పలకల వంటి హీనమైన శిక్షలకు స్వస్తి చెప్పామని గోడ మీద రాసి పెట్టాలి. కార్యకర్తలు తమ పరిధిలోని పోలీసు స్టేషన్‌లో బాలల సంక్షేమ అధికారి ఎవరో తెలుసుకుని, ఆ పేరును బస్తీలో అందరికీ తెలియజేయాలి. పిల్లవాడిని స్టేషన్‌కు తీసుకువెళ్ళారని తెలిసిన గంటలోగా అక్కడికి చేరాలి. పట్టుబడిన పిల్లల వీడియోలు గ్రూపులోకి వస్తే తొలగించాలి, పంపినవారికి 74వ సెక్షన్‌ను గుర్తుచేయాలి.

మన పిల్లలను దొంగలుగా చూసే చూపుతో మనం పోరాడవలసినది చాలా ఉంది. ఆ పోరాటంలో మనతో నిలబడవలసినది రేపటి యువకులే. అవమానంతో వంగిన వెన్నుతో ఎవరూ హక్కుల కోసం నిలబడలేరు. తన తప్పును తాను దిద్దుకుని, తన బాకీ తాను తీర్చుకుని, తన ఇంట్లో తన వాళ్ళ మధ్య తలెత్తుకుని పెరిగిన పిల్లవాడే లోకం ఎదుట కూడా తలెత్తుకుని నిలబడతాడు. ఆ తలను మన చేతులతో వంచకుండా ఉండడమే ఈ పోరాటంలో మనం చేయవలసిన మొదటి పని.